ఇత్తడి టోపీకి తొలి ముద్ద

ఖిదిర్‌పూర్ రేవు గోడ వెంట నడిచి, పాత ఓడ సామాన్ల కొట్లు దాటితే, సున్నం పెచ్చులూడిన పసుపు రంగు మేడ ఒకటి ఉండేది. గుమ్మం మీద ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ ఏదో పెద్ద పేరే రాసి ఉండేది గానీ, ఆ పేరు పెట్టి దాన్ని పిలిచిన పాపాన పోయినవాడు లేడు. బెంగాలీవాళ్ళు మ్యూజియాన్ని జాదూఘర్ అంటారు. ఊరి నడుమ చౌరంగీలో ఉన్నది పెద్ద జాదూఘర్ కనుక ఇది చిన్న జాదూఘర్ అయింది. రేవులో మూటలు మోయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే పాతుకుపోయిన మనవాళ్ళూ అదే మాట అనేవాళ్ళు. దాని గుమ్మం తాళం చాలాకాలం రోజారాణి బొడ్లో ఉండేది. ఈ కథ ఆవిడదే. నమ్మాలని బలవంతమేమీ లేదు, వినండి చాలు.

రోజారాణి పొట్టి మనిషి, గట్టి గొంతు. పెళ్ళి కాక ముందే చీపురు పట్టుకుని ఆ మేడలో అడుగుపెట్టింది. ఊడ్చేది ఆవిడే, తుడిచేది ఆవిడే, వచ్చిన పదిమందికీ టిక్కెట్లు చింపేది ఆవిడే. మధ్యలో పెళ్ళయింది. మునిసిపాలిటీ చెత్త లారీ మీద పనిచేసే వెంకటేశు మొగుడయ్యాడు, ఒక ఆడపిల్ల పుట్టింది, వెంకటేశు కామెర్లతో పోయాడు. ఆ పిల్ల చిన్మయి పెద్దదై భవానీపూర్‌లో ఒక మందుల కొట్లో కూర్చుంటోంది. ఇన్ని జరిగినా, ఆవిడ బతుకు నిజంగా గడిచిందెక్కడ అంటే ఆ మూడు గదుల్లో, ఒక ఇత్తడి టోపీ ఎదురుగా గడిచింది.

పూర్వం రేవులో నీళ్ళ అడుగుకి దిగి పనిచేసే డైవర్లు తలమీద గుండిగంత ఇత్తడి టోపీ బిగించుకునేవాళ్ళు. ముందొక గుండ్రటి అద్దం, పక్కలకు చిన్న అద్దాలు, వెనక గాలి గొట్టం తగిలించే మూతి. పైన పడవలో ఒకడు పంపు తిప్పుతుంటే కింద ఒకడు ఊపిరి పీలుస్తాడు. రోజారాణి తండ్రి సూరాడ గవరయ్య అలాంటి డైవరు. ఒక వానాకాలం, ఓడ పంకాకి చుట్టుకున్న మోకు కోయడానికి దిగాడు. గొట్టం తెగిపోయింది. తెగిన కొస పైకి వచ్చింది గానీ మనిషి రాలేదు. అక్కడి గంగ ఆటుపోట్లతో ఒక పూట సముద్రం వైపు లాగుతుంది, ఇంకో పూట ఊరి వైపు తోస్తుంది. ఎటు తీసుకుపోయిందో ఎవరు చెప్పగలరు? వెతికినంత కాలం వెతికి ఊరుకున్నారు.

ఊరుకోనిది ఒక్క అప్పమ్మ, గవరయ్య పెళ్ళాం. శవాన్ని చూడందే గాజులు తియ్యనంది. "సచ్చిపోయినాడంటన్నారు. ఎవలు సూసినారు? సూసినోలు వచ్చి నాకు సెప్పమనండి" అని గుమ్మంలో నిలబడి అడిగితే పెద్దమనుషులు తలలు వంచుకుని వెళ్ళిపోయారు. పదోరోజు లేదు, పెద్దకర్మ లేదు. అత్తవారి వైపు వాళ్ళు తిట్టారు, ఇరుగుపొరుగు నవ్వారు. అప్పమ్మ నుదుట బొట్టు చెరగలేదు, చేతుల గాజులు మాసిపోతే కొత్తవి వేయించుకుంది గానీ తియ్యలేదు.

అప్పటికి రోజారాణి ఇంకా బడికి కూడా పోని పిల్ల. ఆ తర్వాత కొన్ని వారాలకే అనుకుంటాను, చిన్న జాదూఘర్ తెరిచిన కొత్తలో, అప్పమ్మ పిల్లని తీసుకుని చూడటానికి వెళ్ళింది. పిల్ల ఇత్తడి టోపీ ముందు ఆగిపోయింది. "ఇదెవలదమ్మా" అంది. "మీ అయ్యదేనే" అంది అప్పమ్మ. ఆ పూట పిల్ల కడుపునిండా కూడు తిన్నది.

చిన్నప్పుడు విన్నమాట ఎముకలోకి దిగిపోతుంది, దాన్ని ఎవరూ లెక్కలడగరు. పెద్దయ్యాక నాలుగిళ్ళలో పాచిపని దొరికినా కాదని, తక్కువ జీతానికి రోజారాణి ఆ మేడలో చేరింది అందుకే. అక్కడ వాళ్ళ అయ్య ఉన్నాడు మరి.

వాళ్ళ వాళ్ళలో చచ్చినవాళ్ళకు కూడు పెట్టడానికి ఒక పద్ధతుంది. ఆకు వేసి, చుట్టూ నీళ్ళు తిప్పి, ఇంటిపేరు చెప్పి, మనిషి పేరు చెప్పి, ఫలానావాడి కొడుకువి, ఫలానా ఊరివాడివి, వచ్చి తిను అని పిలవాలి. అంత వివరం ఎందుకయ్యా అంటే, కూడు పెట్టే దిక్కులేనివాళ్ళు గాలిలో బోలెడుమంది ఉంటారు, పేరులేని పిలుపు చెవిన పడితే ఎవడైనా వచ్చి కూర్చుంటాడు అని పెద్దల మాట. రోజారాణికి ఇదంతా తెలుసు. తెలిసి కూడా పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే అయ్య చచ్చిపోయాడని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. ఇంట్లో తల్లి గాజులు గలగలలాడిస్తూ తిరుగుతుంటే కూతురు ఆ పని ఎలా చేస్తుంది? అందుకని మధ్యాహ్నం జనం లేని వేళ చూసి కేరేజీ విప్పి, తొలిముద్ద బాదం ఆకులో పెట్టి, టోపీ ముందుంచి, "అయ్యా, తిను" అనేది. అంతే. రోజూ అదే పిలుపు. ఈ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆకులో ముద్ద ఉండేది కాదు. ఎలకలుంటాయి, పిల్లులుంటాయి, కిటికీలోంచి కాకులు వస్తాయి. రోజారాణి మతిలేని మనిషి కాదు, ఆ మాత్రం ఆవిడకూ తోచింది. కాని ఆకు తడిగా ఉండేది. మే నెల ఎండకి గోడలు పగిలే రోజుల్లో కూడా ఆకునిండా బురదనీళ్ళు, గంగ నీళ్ళ రంగు, రేవు వాసన. మొదట్లో ఒళ్ళు జలదరించేది. తర్వాత అలవాటైంది. నీళ్ళలో నుంచి లేచి వచ్చి తినేవాడి చెయ్యి తడిగా ఉండక పొడిగా ఉంటుందా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

మిట్టమధ్యాహ్నం వేళ టోపీ అద్దం మసకబారేది. గుడ్డతో తుడిస్తే పోదు, మసక లోపలివైపు. ఒకసారి ఒక పంతులమ్మ బడిపిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. అందులో ఒక చిన్నపిల్ల టోపీ దగ్గర నిలబడిపోయి ఎంతకీ కదల్లేదు. చెయ్యి పట్టి లాగితే, "ఇక్కడ ఎవరో నములుతున్నారు" అంది. పంతులమ్మ రోజారాణి వంక చూసింది. రోజారాణి చీపురు వంక చూసింది.

భయం పోయాక మాటలు మొదలయ్యాయి. పెళ్ళిచూపుల నాడు వెంకటేశు టీ ఒంటిమీద ఒలకబోసుకున్న సంగతి చెప్పి నవ్వింది. చిన్మయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆ టోపీ ముందు కూర్చునే ఏడ్చింది. మొగుడు పోయాక మొదటి రోజు పనికి వచ్చి, ఊడ్చకుండా తుడవకుండా, టోపీకి చెంప ఆనించి చాలాసేపు నిలబడింది. ఇత్తడి చల్లగా ఉంటుంది కదా, ఆ రోజు మాత్రం గోరువెచ్చగా ఉందట. కూతురు తండ్రికి చెప్పుకునేవన్నీ చెప్పుకుంది. పుట్టింటికి వెళ్ళి చెప్పుకునే కూతుళ్ళు ఇంతకంటే ఏం చెప్పుకుంటారు?

అలా గడిచిపోతున్న రోజుల్లో, నిరుడు వానలు మొదలవుతూనే, సెక్రటరీ సమీరణ్ బాబు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మంచివాడే పాపం, కాలేజీలో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి, గొడుగు మరిచిపోవడం తప్ప మరో దుర్గుణం లేదు.

"రోజాదీ, మూసేస్తున్నాం" అన్నాడు బెంగాలీలో, రోజక్కా అన్నట్టు. "మేడను బిల్డరు కొనేశాడు. సామాను మొత్తం ఒక పాతసామాన్ల వ్యాపారికి ఇచ్చేశాం."

మేడ కట్టించిన పెద్దాయన పోయాడు, కొడుకులకు ఓడల మీద మోజు లేదు. చచ్చినవాడి పెళ్ళికి వచ్చిందే కట్నం అన్నట్టు, ఓడ బొమ్మలు, లాంతర్లు, గంటలు, లంగర్లు, దిక్సూచులు అన్నీ గంపగుత్తగా అమ్మేశారు. కబురు తెలిసి వీధివాళ్ళు కూడా వచ్చారు. ఒకడికి అద్దాల బీరువా కావాలట, ఒకడికి పంకాలు కావాలట. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడగడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే.

రోజారాణికి కావలసింది ఒక్కటే. ఆ టోపీ ఇంటికి రావాలి. తల్లికి డెబ్భై అయిదు దాటింది, మంచం దిగడం కూడా కష్టంగా ఉంది. ఆవిడ కళ్ళారా చూడాలి, పోయాడని ఒప్పుకోవాలి. శవం లేకపోతేనేం, ఆ టోపీకే కర్మ చేయించాలి. అప్పుడే అయ్య ఒడ్డుకు చేరతాడు. లారీలో ఎక్కిపోయిందంటే ఇంక ఈ జన్మకు చేరడు.

"బాబూ, ఆ ఒక్కటీ నాకిప్పించండి. అది మా నాన్నది" అని చెప్పింది.

సమీరణ్ బాబు చేతులు నలుపుకున్నాడు. "ఇప్పుడు ఒక్క మేకు కూడా మనది కాదు రోజాదీ. పైగా ఆ మనిషి ఇంత చెత్తా కొన్నది ఆ టోపీ కోసమే."

మర్నాడు తాళం తీసేసరికి అద్దాల బీరువాల్లో ఓడ బొమ్మలన్నీ తిరిగిపోయి ఉన్నాయి. గోడవైపు ముక్కులు పెట్టి ఉండాల్సినవి, వరసగా, అన్నీ గుమ్మంవైపు చూస్తున్నాయి. సమీరణ్ బాబు ఆవిడ మీద విసుక్కున్నాడు, దులిపేటప్పుడు జాగ్రత్తగా ఉండొద్దా అని. బీరువాల తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయని ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ ఓడలను సర్దింది. తెల్లవారేసరికి మళ్ళీ గుమ్మంవైపే తిరిగాయి. వెళ్ళిపోతున్నామని వాటికీ తెలిసినట్టుంది. టోపీ మాత్రం గుమ్మంవైపు తిరగలేదు. రోజారాణి కేరేజీ విప్పుకుని కూర్చునే మూలవైపు తిరిగి ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి, తలుచుకుంటే కడుపు మండుతుంది. ఆ మేడలో గాజుపలకల మీద తీసిన పాతకాలపు ఫోటోలు ఉండేవి. రేవు తవ్వినప్పటి కూలీలు, మన తాతముత్తాతలు, గోచీలతో, మెడలో తగరపు బిళ్ళలతో వరసలుగా నిలబడ్డవాళ్ళు. అలాంటివి ఇంకెక్కడా లేవని చదువుకున్నవాళ్ళు అనేవారు. సామాను కట్టేరోజు సమీరణ్ బాబు ఒక పలక తీసి వెలుతురుకు ఎత్తి పట్టాడు. గోచీలున్నాయి, బిళ్ళలున్నాయి, వెనక క్రేన్లున్నాయి. ముఖాలు లేవు. మెడ పైన అందరికీ తెల్లగా ఉంది. ఇంకో పలక తీశాడు, అదీ అంతే. "తేమ" అన్నాడు, అని పెట్టెలో పెట్టేశాడు. తేమ ముఖాలనే ఏరుకుని ఎలా తింటుందని రోజారాణి అడగలేదు. వాళ్ళందరినీ ఆవిడ రోజూ తుడిచేది, వరసలో మూడోవాడికి మెల్లకన్ను అని కూడా తెలుసు. ఆవిడకు ఏడుపొచ్చింది.

లారీ మధ్యాహ్నం వచ్చింది. మబ్బు పట్టి గదుల్లో చీకటిగా ఉంది. హమాలీలలో యోగేశ్ అని ఒక బిహారీ ఉన్నాడు. లంగరును ఒక్కడే భుజానికెత్తుకుని మెట్లు దిగిన మనిషి. వాడు ఇత్తడి టోపీకి రెండు చేతులూ వేశాడు. కదల్లేదు. నవ్వి, భుజం మీది తుండుగుడ్డ నడుముకి చుట్టుకుని మళ్ళీ పట్టాడు. కదల్లేదు. ఇంకొకడు వచ్చాడు. ఇద్దరూ కలిసి లాగితే లోపల నీళ్ళు తొణికిన చప్పుడైంది. అద్దంలోంచి తొంగి చూస్తే లోపల ఎండిపోయి ఉంది. యోగేశ్ చేతులు వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"దీదీ, ఇందులో మనిషున్నాడు" అన్నాడు హిందీలో, మామూలుగా, బస్సులో సీటు ఖాళీ లేదన్నట్టు.

వ్యాపారి మనిషి కేకలేశాడు. ఎవరూ దగ్గరికి పోలేదు. వాన మొదలైంది, లారీ మీద టార్పాలిన్ చాలలేదు, పెట్టెలు తడుస్తున్నాయి. ఆ టోపీని రేపు తీసుకుపోతామని వాడు లారీ ఎక్కేశాడు. గోతుల్లో లారీ దిగినప్పుడల్లా ఓడగంట మోగింది. వీధి మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినిపించింది. ఆ లారీ ఎక్కడికి చేరిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఆ వ్యాపారి ఫోను ఎత్తడు. యూనివర్సిటీ నుంచి ఎవరో ఫోటోల కోసం వెతుక్కుంటూ వచ్చి, కూలగొట్టిన గోడలు చూసి తిరిగి వెళ్ళారట. మన తాతల ముఖాలు ఎక్కడున్నాయో ఆ దేవుడికే ఎరుక.

ఖాళీ గదిలో సమీరణ్ బాబు, రోజారాణి, టోపీ మిగిలారు.

"నేను అటు తిరుగుతాను. మీరేం తీసుకెళ్ళారో నేను చూడలేదు" అని ఆయన కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. మంచివాడని ముందే చెప్పాను కదా.

రోజారాణి తువ్వాలు కప్పి టోపీని చంకనెత్తుకుంది. చంటిపిల్ల బరువు కూడా లేదు.

మార్కెట్ మీదుగా నడిచి ఇంటికి వచ్చింది. వాన కుడివైపు నుంచి కొడుతోంది, చీర మాత్రం ఎడమవైపు తడుస్తోంది, టోపీ ఉన్నవైపు. నడుము నుంచి కాళ్ళదాకా చల్లటి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆవిడ పట్టించుకోలేదు. సంతోషంగా ఉంది. "అదిగో అయ్యా, సేపల బజారు. ఇటు పక్కనే మన ఇల్లు. అమ్మ సూస్తే ఏటంటాదో" అని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చింది. ఎదురొచ్చినవాళ్ళు తప్పుకుని దారిచ్చారు, కొందరు తువ్వాలు వంక చూసి ముక్కు మూసుకున్నారు.

రేవు పనివాళ్ళ పాత క్వార్టర్సులో కింది వరసలో ఇల్లు. ఒకటే గది, ముందు చిన్న వరండా. చిన్మయి ఇంకా కొట్టు నుంచి రాలేదు. గుమ్మానికి ఎదురుగా మంచం మీద పడుకున్న అప్పమ్మ కూతురి అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"ఎవల్ని తెచ్చినావే?" అంది.

ఏం తెచ్చావు అనలేదు.

"అయ్యని తెచ్చినానమ్మా. అయ్య టోపీ. ఆళ్ళు మూసీసి అన్నీ పట్టుకుపోయినారు. ఇది ఒక్కటీ..."

"గుమ్మం దాటించకు."

"ఏటమ్మా?"

"అక్కడే దించీ. లోపలికి తెచ్చినావంటే నా మీద ఒట్టు."

రోజారాణికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? టోపీని వరండాలో, వీధివైపు ముఖం పెట్టి దించి, గుమ్మంలో నిలబడి తల్లిని ఎన్నడూ అననివన్నీ అంది. "ఇన్నేళ్ళు ఎదురుసూసినానంటావు. సచ్చిపోనేదంటావు, కర్మ సెయ్యనియ్యవు. తీరా మనిషి గుమ్మంలోకి వస్తే రావద్దంటావేటి? నీకు కావల్సింది మొగుడా, గాజులా?"

అప్పమ్మ ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. కూతుర్ని కాదు, కూతురి వెనక వరండాలోకి చూస్తోంది.

"అది మీ అయ్యది కాదే."

"నువ్వే కదా సెప్పినావు."

"మీ అయ్య టోపీ మీ అయ్య నెత్తిమీదే ఉండిపోనాది. మరలేసి బిగించిన టోపీ. మనిషి పైకి రాకండా టోపీ ఎలగొస్తాదే గుంటా?"

ఇంత చిన్న సంగతి. అడిగితే దారినపోయేవాడు కూడా చెప్పేవాడు. కానీ ఆవిడ ఎవర్నీ అడగలేదు, అడగాలని తోచనూలేదు.

"మరెందుకు సెప్పినావమ్మా?"

"నువ్వు కూడు తిననేదు. అయ్య వస్తే గానీ తిననని కంచం ముందెట్టుకుని కూకునేదానివి. సిక్కి సగమైపోనావు. నువ్వూ పోతావేటోనని నాకు బయ్యమేసింది. ఎదురుగుండా అదేదో కనిపించింది, ఇదే మీ అయ్యదని సెప్పీసినాను. నువ్వు తిన్నావు. తరవాత నాను మర్సిపోయినాను."

"నాను మర్సిపోనేదమ్మా" అంది రోజారాణి. "రోజూ నా తొలిముద్ద దానికే ఎట్టినాను."

అప్పమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. వాన రేకుల మీద గట్టిగా కొడుతోంది.

"ఏటని పిల్సినావు?"

"అయ్యా అని."

"ఇంటిపేరు సెప్పినావా?"

"నేదు."

"పేరు?"

"నేదు. నువ్వలాగ గాజులేసుకుని తిరుగుతుంటే నా నోటితో ఎలగ సెప్పమంటావు?"

"తిన్నాడా?"

"రోజూ తిన్నాడు."

తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ వరండావైపు చూశారు. వీధివైపు ముఖం పెట్టి దించిన టోపీ ఇప్పుడు గుమ్మంవైపు తిరిగి ఉంది. దాని చుట్టూ గచ్చు మీద నీళ్ళు మడుగు కట్టాయి, మడుగు మెల్లగా గడపవైపు పాకుతోంది.

"తప్పు నాది" అంది అప్పమ్మ. "మీ అయ్య సోటు ఖాళీగా ఉంచీసినాను. ఖాళీ పీట సూస్తే ఎవడైనా కూకుంటాడు."

చాలా నెలలుగా ఒకరు పట్టుకుంటే గానీ నడవని మనిషి ఒక్కతే మంచం దిగి, గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. మొగుడి పేరు పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ నోట పలికి ఎరగదు. వాళ్ళ ఆడవాళ్ళు పలకరు. ఆ పూట పలికింది.

"సూరాడ గవరయ్యా, అప్పలస్వామి కొడకా. నువ్వు సచ్చిపోయినావు. నాను ఒప్పుకున్నాను. ఇంక ఎల్లిపో నాయనా."

గడప మీద రెండు చేతులూ కొట్టింది. గాజులు పగిలి కొన్ని ముక్కలు మడుగులో పడ్డాయి. వానలోకి చెయ్యి చాచి తడిచేసుకుని ఆ తడితోనే బొట్టు తుడుచుకుంది. రోజారాణి తల్లి ముఖాన్ని బొట్టు లేకుండా చూడటం అదే మొదటిసారి, ఎవరో కొత్త మనిషిలా ఉంది. పాకుతున్న మడుగు గడపకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఇంక నీకు అయ్య నేడు. ఆ సోట్లోకి మరొకడు రాకూడదు. ఎల్లి దాన్ని గంగలో పారీసి రా" అని అప్పమ్మ మళ్ళీ మంచమెక్కి, రక్తం కారే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రోజారాణి వరండాలోకి వెళ్ళింది. పారేయడానికే వెళ్ళింది, అబద్ధం చెప్పను. టోపీ ముందు వంగి, చేతులు వెయ్యబోయి ఆగి, ఎదురుగా చతికిలబడింది. ఇన్నేళ్ళు కూడు పెట్టినవాడి పేరైనా తెలియకుండా నీళ్ళలో ఎలా వదిలేస్తుంది?

"నువ్వెవలు?" అని అడిగింది.

తెలుగు రాదేమోనని బెంగాలీలో అడిగింది. ఓడలమీద పనిచేసినవాడేమోనని హిందీలో అడిగింది. అద్దం లోపలివైపు మసక పట్టింది. కాసేపటికి, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు, ఒక ముసలి మగ గొంతు వినిపించింది. తెలుగే. అచ్చం రోజారాణి పలికే తీరుగా, ఆవిడ దగ్గరే నేర్చుకున్న తెలుగు.

"అయ్య" అంది.

"అది కాదు. నిన్ను కన్నోలు ఎట్టిన పేరేటి?"

అద్దం లోపల ఒక నీటిచుక్క కిందికి జారింది.

"మర్సిపోయినాను."

రోజారాణికి భయం వెయ్యలేదు. దుఃఖం వచ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇందాక పేరు పెట్టి అమ్మ సాగనంపిన మనిషి ముఖం ఆవిడకు గుర్తు లేదు. అతని గొంతు ఎలా ఉండేదో తెలియదు. ఆవిడ పెళ్ళి కబురు విన్నది అతను కాదు, మొగుడు పోయిననాడు చెంప ఆనిస్తే వెచ్చబడింది అతను కాదు. అతను ఎప్పుడో నీళ్ళలోనే ఉండిపోయాడు. విన్నది ఇతను. పేరైనా లేకుండా, ఆవిడ పిలిచిన ఒక్క పిలుపునే పేరు చేసుకుని, రోజూ ఒక ముద్ద తిని కూర్చున్నవాడు.

"పారీసినావా?" అని లోపలి నుంచి అప్పమ్మ అడిగింది.

రోజారాణి కళ్ళు తుడుచుకుని లేచింది. గడప మీది గాజుముక్కలను కాలికి గుచ్చుకోకుండా చెంగుతో పక్కకు ఊడ్చింది.

"వాన కొడతంది" అంది టోపీతో, మెల్లగా. "లోపలికి రా, అయ్యా."

ఆవిడ వంగలేదు, టోపీని ఎత్తలేదు. గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని దారిచ్చింది.